బోరు నీళ్ళు సగమే ఉంటే మొక్కజొన్నకు ఏ తడి ఆపాలి, ఏ తడి ఆపకూడదు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దు. కొనకనమిట్ల వైపు మూడెకరాల ఎర్ర నేల, ఒకటే బోరు. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి రెండు నిమిషాలు పడుతోంది. కరెంటు తొమ్మిది గంటలు ఉన్నా ఆరు గంటలు ఆడాక బోరు గాలి కొడుతోంది, నీళ్ళు విడతలు విడతలుగా వస్తున్నాయి. ఈ రబీకి మూడెకరాలూ మొక్కజొన్న వేయాలని ఉంది. డెఫిసిట్ ఇరిగేషన్ అనే పద్ధతిలో 40 శాతం తక్కువ నీళ్ళతో అదే దిగుబడి వస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు, అది మన దగ్గర కుదురుతుందా అని నీ ప్రశ్న. సాలు విడిచి సాలు నీళ్ళు పెట్టడం గురించి కూడా అడిగావు.

మూడెకరాలకు కుదరదు. రెండెకరాలకు కుదురుతుంది, అది కూడా రెండూ ఒకే రోజు విత్తకుండా ఉంటేనే. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు, విత్తనం కొనకముందే చదవాల్సిన సంగతి ఇది. నేను దర్శి వైపు పదహారేళ్ళుగా మొక్కజొన్న వేస్తున్నాను, ఎర్ర నేలలోనూ వేశాను, నల్లరేగడిలోనూ వేశాను, నీళ్ళు చాలక పోగొట్టుకున్న చేను కూడా ఉంది.

ముందు ఆ 40 శాతం మాట. డెఫిసిట్ ఇరిగేషన్ అంటే మన మాటల్లో లోటు తడి, పైరు అడిగినంత కాకుండా తెలిసి తెలిసి తక్కువ ఇవ్వడం. కానీ చేలో పారించే నీళ్ళన్నీ మొక్క తాగదు. బోరు నుంచి మట్టి కాలువలో చేను చివరికి చేరేలోపు కొంత ఇంకిపోతుంది, మడి నిండా పెడితే వేరు అందుకోలేని లోతుకు కొంత దిగిపోతుంది, మన ఎర్ర నేలల్లో సాళ్ళలో పెట్టినా పారించిన దాంట్లో మూడో వంతు ఇలా పోతుందని లెక్క వేసుకోవచ్చు. మడి నిండా నీళ్ళు పెట్టే అలవాటున్న రైతు కాలువ బదులు పైపు వేసి, సాళ్ళలో కొలిచి పెడితే 40 శాతం మిగలడం నిజమే. అది వృథాని ఆపడం వల్ల మిగిలింది. మొక్క అసలు తాగే నీటిని మాత్రం 15, 20 శాతం మించి కోస్తే మొక్కజొన్న ఊరుకోదు. జొన్న, సజ్జ అయితే వాడిపోయి మళ్ళీ లేస్తాయి, వాటి తత్వం వేరు. మొక్కజొన్నకు ఆ ఓపిక లేదు, మరీ ముఖ్యంగా ఒక మూడు, నాలుగు వారాల పాటు అసలే లేదు.

ఆ వారాలు ఏవో తెలుసుకోవడమే ఈ పద్ధతికి ప్రాణం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్ఏఓ, 1979లో వేసిన పుస్తకంలో మొక్కజొన్నకు ఏ దశలో నీళ్ళు తగ్గితే దిగుబడి ఎంత తగ్గుతుందో అంకెలు ఇచ్చింది, ఇప్పటికీ అందరూ వాడేది అవే. మొక్క పెరిగే దశలో అవసరానికి 10 శాతం తక్కువ ఇస్తే దిగుబడి సుమారు 4 శాతం తగ్గుతుంది. పూత దశలో అదే 10 శాతం తగ్గిస్తే 15 శాతం పోతుంది. గింజ నిండే దశలో అయితే 5 శాతం, ముదిరే దశలో 2 శాతం. అంటే పూత దశలో ఒక తడి తప్పితే జరిగే నష్టం ముందు దశలో తడి తప్పిన దానికి దాదాపు నాలుగింతలు. ఇంకో సంగతి, ఈ లెక్క లోటు సగం దాటనంతవరకే పనిచేస్తుంది. సగం దాటిందంటే పూతలో చేను చేతికి రాదు.

పూతకు అంత పట్టింపు ఎందుకంటే, కండెకు ఉండే పీచు చూశావు కదా, ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి ఆ పోగు మీద పడి లోపలికి దిగితేనే గింజ కడుతుంది. పోగు నిండా నీళ్ళే, నీళ్ళుంటేనే సాగి బయటికొస్తుంది. నేల ఆరితే పైన జల్లు, అంటే మొక్క కొసన వచ్చే మగపూత, మాత్రం తన టైముకి తను వచ్చి పుప్పొడి రాల్చేస్తుంది, ఆ రాలడం వారం రోజుల ముచ్చట, కింద పీచు మాత్రం నాలుగు రోజులు, ఆరు రోజులు ఆలస్యంగా వస్తుంది. పీచు వచ్చేసరికి పైన పుప్పొడి అయిపోతుంది. కండె మొదలు వైపు పోగులు ముందు వస్తాయి, కొస వైపువి చివర్లో వస్తాయి, అందుకే ఎండిన చేలో కండె మొదట్లో నాలుగు గింజలు ఉండి కొసంతా బోడిగా కనిపిస్తుంది. మెక్సికోలోని సిమ్మిట్ అనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ వాళ్ళు బెట్టను తట్టుకునే రకాల కోసం ఏళ్ళ తరబడి చూసింది కూడా దీన్నే, జల్లుకీ పీచుకీ మధ్య ఎన్ని రోజులు ఎడం వస్తోంది అని. పీచు మీద పుప్పొడి పడ్డాక కూడా భయం పోదు, తర్వాత రెండు వారాలు నీళ్ళు చాలకపోతే కట్టిన గింజల్ని మొక్కే కొస నుంచి వదిలేసుకుంటుంది.

ఇది నేను చేను పోగొట్టుకుని నేర్చుకున్నాను. 2018 రబీ, ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేసిన ఏడాది. నాలుగెకరాలు ఒకే వారంలో వేశాను. బోరు అప్పటికి బాగానే పోస్తోంది కాబట్టి మొదటి నలభై రోజులు అయిదు రోజులకొక తడి ఇచ్చాను, చేను నల్లగా, ఆకు వెడల్పుగా, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. సరిగ్గా జల్లు తొంగిచూసే రోజుల్లో బోరు సగానికి పడింది. అంత పెద్ద ఆకు వేసిన మొక్కకి తాగేది కూడా ఎక్కువే కదా, పైపైన తాగడం అలవాటైన వేర్లు లోతుకి కూడా పోలేదు. పదమూడు రోజులు తడి అందలేదు. ఎకరానికి 9 క్వింటాళ్ళు వచ్చాయి. గట్టు అవతల మా బావమరిది చేను, అదే నేల, అదే విత్తనం, వాడికి బోరు ముందునుంచీ తక్కువే కాబట్టి రెండెకరాలే వేసి మొదట్లో పొదుపుగా పెట్టాడు, వాడికి 22 వచ్చాయి. ఆ రెండు చేల మధ్య గట్టు మీద నిలబడి చూసుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు నీ బోరు లెక్క చూద్దాం, ఇదే అన్నిటికంటే ముఖ్యం.

రెండు నిమిషాలకు 200 లీటర్లు అంటే నిమిషానికి 100, గంటకు 6,000, ఆరు గంటలకు 36,000 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు నిలబెట్టడానికి సుమారు 4,000 లీటర్లు కావాలి. డిసెంబరు, జనవరిలో మన వైపు నిండు పూతలో ఉన్న మొక్కజొన్న రోజుకు నాలుగున్నర నుంచి ఐదు మిల్లీమీటర్లు తాగుతుంది, అంటే ఎకరానికి రోజుకి దాదాపు 20,000 లీటర్లు వేరుకు అందాలి. సాళ్ళలో పారించేటప్పుడు పోయేది కలుపుకుంటే బోరు 30,000 పోయాలి. నీ బోరు పోసేది 36,000. అంటే పూత దశలో నీ బోరు నికరంగా ఒక్క ఎకరాన్ని మాత్రమే పోషించగలదు.

ఇంకోలా చూడు. నీ ఎర్ర నేలలో రెండడుగుల లోతు వరకు వేరు దిగిందనుకుంటే ఆ మట్టి పట్టుకునేది 60 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అందులో సగం వరకే మొక్క ఇబ్బంది పడకుండా తీసుకోగలదు. 30 మిల్లీమీటర్లు, రోజుకు ఐదు చొప్పున, ఆరు రోజులు. పూతలో ఆరో రోజుకి మళ్ళీ తడి పడాలి. ఆ ఒక్క తడికి ఎకరానికి నీ బోరు ఐదు రోజులు ఆడాలి. మూడెకరాలు ఒకేసారి పూతకొస్తే మొదటి ఎకరానికి నీళ్ళు తిరిగి వచ్చేది పదిహేనో రోజున. నేల ఆరు రోజులు ఆపుతుంది, నువ్వు పదిహేను రోజులకి వస్తావు. ఎవరు ఏ పద్ధతి పేరు చెప్పినా ఆ తొమ్మిది రోజుల్ని పూడ్చలేరు.

చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది, ఇది నిదానంగా చదువు. ముందు దశలో నీళ్ళు మిగిల్చి పూతలో వాడుకో అని అందరూ చెప్తారు. చెరువు కింద అయితే ఆ మాట నిజం, ఇవాళ వాడని నీళ్ళు రేపు చెరువులోనే ఉంటాయి. బోరు అలా కాదు, రోజుకి ఇంత అని పోస్తుంది, నవంబరులో ఆపిన మోటారు జనవరిలో గంటకు 6,000 బదులు 12,000 పోయదు. మన రాతి నేలల్లో ముందు తక్కువ తోడితే బోరు మట్టం త్వరగా పడిపోకుండా ఉంటుంది, ఆ లాభం కొంత ఉంది, నేను కాదనను. కానీ పూతలో కావాల్సింది రోజువారీ నీళ్ళు, అవి బోరు పోసే శక్తి దాటి రావు. కాబట్టి బోరు కింద లోటు తడి చేయాలంటే నీళ్ళని దాచడం కంటే పూతల్ని విడదీయడం మీద మనసు పెట్టాలి. ఒక ఎకరం పూతలో ఉన్నప్పుడు ఇంకో ఎకరం లోటుని తట్టుకునే వయసులో ఉండాలి.

అందుకని నేనైతే ఇలా వేస్తాను. మొదటి ఎకరం అక్టోబరు 25 ప్రాంతంలో, రెండో ఎకరం నవంబరు 18 ప్రాంతంలో. నీళ్ళు తప్పకూడని రోజులు 48వ రోజు నుంచి 75వ రోజు వరకు అనుకో, మొదటి ఎకరానికి అవి డిసెంబరు 12 నుంచి జనవరి 8 దాకా వస్తాయి. రెండో ఎకరానికి జనవరి 5 నుంచి ఫిబ్రవరి 1 దాకా. మూడు నాలుగు రోజులే ఒకదానిమీద ఒకటి పడతాయి. మొదటి ఎకరం పూతలో ఉన్నన్నాళ్ళూ ఆరు రోజుల్లో ఐదు రోజులు నీళ్ళు దానివే, ఒక్క రోజు రెండో ఎకరానిది. అలా ఆ నాలుగు వారాల్లో రెండో ఎకరానికి దక్కేది సుమారు ఒక నిండు తడికి సరిపడా నీళ్ళు. అప్పటికి దాని వయసు పాతిక నుంచి యాభై రోజులు, నవంబరు వానల పదును, అంటే నేల తేమ, అడుగున ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. జనవరి 8 తర్వాత పెద్ద వాటా రెండో ఎకరానికి మారుతుంది, మొదటి ఎకరం అప్పటికి గింజ నిండే దశలో ఉంటుంది, దానికి మిగిలిన నీళ్ళు ఎడంగా, ఒక సాలు విడిచి ఒక సాలు పెట్టినా నడుస్తుంది.

మొదటిది అక్టోబరులోనే ఎందుకంటే, మన ప్రకాశం, నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం వరకు పడే వానే అసలు ఆస్తి, మొదటి దశ దాని మీదే గడిచిపోవాలి. ఇంకొకటి, సంక్రాంతి దాటాక ఎండ ముదిరేకొద్దీ అదే మొక్క ఎక్కువ తాగుతుంది, మార్చి చివర్లో నిండు పైరు రోజుకు ఆరున్నర మిల్లీమీటర్ల దాకా లాగుతుంది. డిసెంబరు చివర్లో వేసి మార్చిలో పూతకు తెచ్చుకున్న చేనుకి నీళ్ళూ చాలవు, ఎండకి పుప్పొడి కూడా చచ్చిపోతుంది. వడ్లు కోశాక వేద్దాంలే అని ఆగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, నీళ్ళు తక్కువున్న చోట ఆ ఆలస్యం వద్దు. ఒక జాగ్రత్త మాత్రం, మొదటి ముప్పై రోజుల్లో మొక్కజొన్న నీళ్ళు నిలబడితే అసలు ఓర్చుకోదు, పచ్చబడి కుంగిపోతుంది. తుపాను పడితే నీళ్ళు బయటికి పోయేలా బోదెల మీదే విత్తు, చేను చివర కాలువ ముందే తీసిపెట్టు.

ఇక లోటు ఎలా ఇవ్వాలి. విత్తినప్పుడు పదును బాగుండాలి, మొలక సమంగా రావాలి, అక్కడ పొదుపు వద్దు. మొలిచిన పన్నెండో రోజు నుంచి ఇరవై ఎనిమిదో రోజు దాకా మొక్క అడిగితే తప్ప పెట్టకు. అడగడం అంటే ఆకు చెప్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఆకు చుట్టుకుని సాయంత్రానికి విప్పుకుంటే దానికేం కాలేదు, టెన్షన్ పడకు. పొద్దున తొమ్మిదింటికే చుట్టుకుని కనిపిస్తే ఇక ఆగకూడదు. ఆకుతో పాటు మట్టి కూడా చూడు, గునపంతో మోచేతి లోతు తవ్వి గుప్పెడు మట్టి పిసుకు, ముద్ద అయి, వేలితో నొక్కితే విడిపోతుంటే ఇంకో రెండు మూడు రోజులు ఉంది, ముద్దే కాకపోతే తడి ఇచ్చెయ్. ఈ వయసులో కాస్త ఎండితే వేరు పదును వెతుక్కుంటూ కిందికి పోతుంది, ఆకు మరీ పెద్దది కాదు, ఆ రెండూ తర్వాత నీకు పనికొస్తాయి.

మోకాలు ఎత్తు దశ, అంటే 30, 35 రోజుల దగ్గర మాత్రం ఒక నిండు తడి ఇవ్వాలి. కండెకు ఎన్ని వరసల గింజలు ఉండాలో మొక్క తనలో తాను నిర్ణయించుకునేది ఆ చుట్టుపక్కలే, రెండో విడత యూరియా వేసేది కూడా అప్పుడే. ఎండిన నేల మీద యూరియా చల్లి నీళ్ళ కోసం ఎదురుచూడటం అంటే ఎరువుని గాలికి ఇవ్వడమే. తడి ఇచ్చే రోజు చూసుకుని మొక్క పక్కన వేసి మట్టి కప్పు, వెంటనే నీళ్ళు పెట్టు. ఆ తర్వాత 45 రోజుల దాకా మళ్ళీ కొంచెం బిగబట్టొచ్చు, అయితే ముందు కంటే మెత్తగా, పొద్దున పూట ఆకు చుట్టుకునే పరిస్థితి రానివ్వకుండా.

48వ రోజు నుంచి లోటు అనే మాటే మర్చిపో. జల్లు ఇంకా పొట్టలో ఉండగానే నేల నిండా తడిసి ఉండాలి, జల్లు బయటికొచ్చాక మేలుకుంటే ఆలస్యమైపోతుంది. ఈ దశలో మధ్యాహ్నం ఆకు చుట్టుకోవడం చూసినా మర్నాడే మోటారు వెయ్యి. పొటాష్ మొత్తం దుక్కిలో వేసేయకుండా సగం ఈ దశకి ఉంచుకో, చివరి విడత యూరియాతో కలిపి వేసుకోవచ్చు. పూతలో ఎండి, పైగా వేడి తగిలిన చేలోనే తర్వాత మసికుళ్ళు తెగులు వచ్చి కాండం లోపల నల్లబడి చేను పడిపోతుంది, దానికి మందు కోసం తిరిగేకంటే ఈ తడి తప్పకుండా చూసుకోవడమే మేలు.

75 రోజులు దాటాక మెల్లగా ఎడం పెంచు. ఎప్పుడు ఆపాలో క్యాలెండరు చూసి కాకుండా గింజ చూసి తేల్చు. ఒక కండె ఒలిచి సగానికి విరిచి గింజ చూస్తే పైన గట్టిపడిన పసుపు, కింద ఇంకా పాలు, మధ్యలో గీత కనబడుతుంది. ఆ గీత గింజలో సగానికి దిగిందంటే నేలలో ఉన్న పదునే చాలు, ఇక నీళ్ళు పెట్టినా కాటాలో పెద్దగా కనపడదు. గింజ అడుగున నల్ల పొర వచ్చిందంటే అది తాగడం పూర్తిగా మానేసింది. చాలామంది ఈ చివర్లో అలవాటుగా రెండు తడులు ఎక్కువ ఇస్తారు, నీ రెండో ఎకరం పూతలో ఉన్న రోజులే అవి, ఆ నీళ్ళు అటు పంపు.

సాలు విడిచి సాలు గురించి అడిగావు. మొదటి తడికి ఒకటి, మూడు, ఐదు సాళ్ళు, తర్వాతి తడికి రెండు, నాలుగు, ఆరు, అలా మార్చి మార్చి పెట్టడం. ఎప్పుడూ అవే సాళ్ళలో పెడితే ఫలితం రాదు. చైనాలో గాన్సు ప్రాంతపు ఎడారి అంచున మొక్కజొన్న మీద ఇది చేసి చూశారు, 2000లో అచ్చైన ఆ పరిశోధనలో చాలా తక్కువ నీళ్ళతోనే దిగుబడి నిలబడింది. ఆరిన వైపు వేరు ఆకుకు ఒక కబురు పంపుతుంది, ఆకు తన రంధ్రాల్ని కొంత మూసుకుని పొదుపుగా ఉంటుంది, తడిసిన వైపు వేరు మాత్రం తాగుతూనే ఉంటుంది. మన దగ్గర నేను చూసినదాన్ని బట్టి ఒక తడికి మూడో వంతు నీళ్ళు మిగులుతాయి, సగం మిగులుతాయని అనుకోకు, పక్కకి కూడా ఇంకుతుంది కదా. గరప నేలలో, రేగడిలో బాగా పనిచేస్తుంది. దువ్వ ఇసుకలో నీళ్ళు పక్కకి పోకుండా నేరుగా కిందికే దిగుతాయి, అక్కడ వద్దు. మోకాలు ఎత్తు తడికీ, పూతలోనూ నేను అన్ని సాళ్ళూ నింపుతాను.

డ్రిప్ పెట్టగలిగితే పెట్టు. మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు కింద రాయితీ ఉంది, మీ ఊరి రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు ఇవ్వొచ్చు. నీ 36,000 లీటర్లలో 32,000 వేరుకు అందుతాయి, అప్పుడు తేదీలు విడదీసి వేసిన రెండెకరాలకు లోటు అనే బాధే ఉండదు. మూడెకరాలకు మాత్రం డ్రిప్ ఉన్నా చాలవు. మన పశ్చిమ మండలాల బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, డ్రిప్పర్లు మూసుకుపోతుంటాయి, ఆసిడ్ ట్రీట్‌మెంట్ ఎలా చేయాలో అమర్చేవాళ్ళని అడిగి దగ్గరుండి నేర్చుకో.

మొక్కల సంఖ్య కూడా నీళ్ళని బట్టే. 60 బై 20 సెంటీమీటర్ల దూరంలో వేస్తే ఎకరానికి 33 వేల పైన మొక్కలు వస్తాయి, అది నీళ్ళు నిండుగా ఉన్నవాళ్ళ లెక్క. నువ్వు 60 బై 25 వెయ్యి, 26 వేల పైచిలుకు వస్తాయి. ఎక్కువ మొక్కలు వేసి అన్నిటికీ చాలీచాలని నీళ్ళు ఇస్తే గొడ్డు మొక్కలు పెరుగుతాయి, కండె లేని మొక్క కూడా నీళ్ళు తాగుతూనే ఉంటుంది. కలుపు కూడా అంతే, మొదటి నెలలో కలుపు తీయకుండా నీళ్ళు పొదుపు చేయాలనుకోవడం దండగ. సాళ్ళ మధ్య వరిగడ్డి గానీ, దొరికితే వేరుశనగ పొట్టు గానీ పరిస్తే తడికీ తడికీ మధ్య ఒకటి రెండు రోజులు కలిసొస్తుంది. కత్తెర పురుగుని మొదటి నెలలో రోజూ చూసుకో, బిగబట్టి ఉన్న చేను సుడిలో పురుగు పడితే తేరుకోవడానికి దాని దగ్గర బలం ఉండదు.

మూడో ఎకరంలో ఏం వేయాలంటే అలసంద గానీ ఉలవ గానీ, వాన పదునుతోనే గట్టెక్కుతాయి. ఎకరం ఖాళీ పెట్టినట్టు అనిపిస్తుందని తెలుసు, ఆ బాధ నాకూ ఉండేది. కానీ లెక్క వెయ్యి, మూడెకరాలు వేసి ఎకరానికి పదో పన్నెండో తెచ్చుకుంటే 36 క్వింటాళ్ళకు మించదు, రెండెకరాలు సరిగ్గా పండించి పాతిక చొప్పున తెచ్చుకుంటే 50. 2025-26కి మద్దతు ధర క్వింటాలు 2,400 రూపాయలు, మార్కెట్లో అది కూడా అందని రోజులుంటాయి, అలాంటప్పుడు మూడో ఎకరం విత్తనం, ఎరువు, కూలి ఖర్చు తప్పడం కూడా చిన్న సంగతి కాదు. కౌలుకి చేసేవాళ్ళయితే ఈ లెక్క ఇంకా గట్టిగా వేసుకోవాలి, కౌలు డబ్బు నీళ్ళని బట్టి తగ్గదు కదా.

నీలాగే అడిగే మిగతావాళ్ళ కోసం రెండు మూడు మాటలు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం గ్రీలీ దగ్గర ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో ఇదే పద్ధతిని, అంటే పూతలో నిండుగా ఇచ్చి ముందూ వెనకా కోయడాన్ని, ఏళ్ళ తరబడి మొక్కజొన్న మీద కొలిచారు. వాళ్ళ దగ్గర నుంచి మనం తీసుకోవాల్సింది ఆ కొలిచే పద్ధతి, వాళ్ళ అంకెలు కాదు, వాళ్ళ ఎండ వేరు, నేల వేరు. దర్శి, అద్దంకి వైపు లోతు రేగడి ఉన్నవాళ్ళకి నేల ఆరు రోజుల బదులు రెండు వారాల దాకా ఆపుతుంది, వాళ్ళు నీకంటే ధైర్యంగా చేయొచ్చు. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వరికుంటపాడు మెట్టకి నీకు చెప్పిన లెక్కే. సోమశిల కింద కాలువ నీళ్ళున్నవాళ్ళు కాలువ వదిలే వాయిదాలు చూసుకుని, పూతకి రెండు వాయిదాలైనా తగిలేలా వెనక్కి లెక్కపెట్టి విత్తుకోవాలి. సముద్రం దగ్గర ఇసుక నేలలవాళ్ళు, ఉప్పు నీళ్ళ బోర్లవాళ్ళు మాత్రం లోటు తడి జోలికి వెళ్ళొద్దు, నీళ్ళు తగ్గితే ఉప్పు కిందికి దిగకుండా వేరు దగ్గరే పేరుకుంటుంది. స్వీట్‌కార్న్ వేసేవాళ్ళూ అంతే, అక్కడ కండె రూపమే ధర.

ఇంకోటి, ఇది పశువులున్న ఇళ్ళలో అందరూ తెలుసుకోవాలి. ఎక్కడైనా లెక్క తప్పి చేను ఎండిపోయిందనుకో, గిడసబారిన ఆ పచ్చి చొప్పని కోసి వెంటనే గేదెలకి వేయొద్దు. యూరియా వేసి బెట్టకి గురైన మొక్కజొన్నలో నైట్రేటు పేరుకుంటుంది, కాండం అడుగు భాగంలో మరీ ఎక్కువ, ఎండాక వాన పడిన వారం రోజుల్లో ఇంకా ప్రమాదం. పశువు ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. మేపాల్సి వస్తే పశువైద్యుణ్ణి అడిగి, కాండం అడుగు భాగం జానెడు వదిలేసి కోసి, వేరే మేతతో కలిపి కొద్దికొద్దిగా వెయ్యి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, డ్రమ్ము పెట్టి బోరుని ఇంకోసారి కొలువు. మోటారు వేసిన మొదటి గంటలో ఒకసారి, ఐదో గంటలో ఒకసారి, వరసగా మూడు రోజులు. మొదటి గంట అంకె చూసి చాలామంది మోసపోతారు, నీకు కావాల్సింది ఐదో గంట అంకె. చేను మధ్యలో రెండడుగులు తవ్వి ఎంత లోతున గుండ్లు గానీ సుద్ద గానీ తగులుతోందో చూడు, అడుగున్నరకే తగిలితే నేను చెప్పిన ఆరు రోజులు నాలుగున్నరకి పడిపోతాయి, అప్పుడు రెండో ఎకరం కూడా అరెకరం చేసుకోవాల్సి రావచ్చు. వీలైతే ఆ మట్టి కొంచెం దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళి చూపించు. ఆ అంకెలు రెండూ, మట్టి లోతూ ఇక్కడ రాయి, రెండో విత్తు ఏ తేదీకి పడాలో కూర్చుని లెక్కవేసి చెప్తాను.